సొరకు తాయిలం పెట్టవచ్చా?

ఫిజీ దేశపు ప్రధాన ద్వీపం వీతి లేవు. దాని దక్షిణ తీరానికి కొంచెం దూరంలో షార్క్ రీఫ్ అనే పగడపు దిబ్బ ఉంది. వీపున గాలి సిలిండర్లు కట్టుకున్న సందర్శకులు 30 మీటర్ల లోతుకు దిగి, పొట్టి పిట్టగోడలాంటి రాళ్ల వరస వెనక మోకాళ్ల మీద కూర్చుంటారు, బంతిలో విస్తరి కోసం కూర్చున్నట్టు. వడ్డన మాత్రం వాళ్లకి కాదు. వాళ్లకెదురుగా ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. దాని నిండా ట్యూనా చేపల తలలు. చేతికి ఉక్కు గొలుసులతో అల్లిన తొడుగు వేసుకున్న మనిషి ఒక తలను తీసి ముందుకు చాస్తాడు. నీలపు మసకలోంచి మూడు మీటర్ల బుల్ షార్క్ తొందర లేకుండా వస్తుంది. నోరు తెరిచే క్షణంలో దాని కంటి మీదికి తెల్లని పొర ఒకటి జారుతుంది. తల అందుకుంటుంది, దవడ ఒకసారి ఆడుతుంది, ఒంటిని పక్కకు వంచి తిరిగి మసకలో కలిసిపోతుంది. సందర్శకుల వెనక పొడవాటి లోహపు కర్రలతో కాపలా మనుషులు నిలబడి ఉంటారు. వెనక నుంచి వచ్చే సొరను పక్కకు మళ్లించడం వాళ్ల పని.

ఈ దృశ్యం చూడటానికి జనం వేల మైళ్ల దూరం నుంచి వస్తారు. చూసి వెళ్లాక వాళ్లను వదలని ప్రశ్న ఒకటి ఉంది. అడవి జంతువుకు మనిషి చేత్తో తిండి పెట్టడం దానికి మేలా, కీడా? శాస్త్రవేత్తలు ఇరవై ఏళ్లకు పైగా ఈ ప్రశ్న వెంట పడ్డారు. వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. ఎందుకు పొసగవో తెలుసుకోవడమే ఈ అధ్యాయం పని.

పాల సొర, కోరల సొర

తెలుగు తీరంలో సొర అనగానే కోరలకన్నా ముందు బాలింత పథ్యం గుర్తొస్తుంది. పాల సొర ముక్కలను పసుపు వేసి ఉడికించి, తోలు ఒలిచి, చేత్తో పొడిపొడిగా నలిపి, ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిర్చితో వేయించిన పిట్టు తింటే తల్లికి పాలు పడతాయని నమ్మకం. అంటే మనం సొరకు పెట్టినవాళ్లం కాదు, సొరను తిన్నవాళ్లం.

కోరల సొరను ప్రపంచానికి పరిచయం చేసింది 1975లో వచ్చిన ‘జాస్’ సినిమా. అందులో నిజమైన తెల్ల సొరలు కనిపించే దృశ్యాలను దక్షిణ ఆస్ట్రేలియా సముద్రంలో తీశారు. ఆ చిత్రీకరణకు సాయపడినవాళ్లలో రాడ్నీ ఫాక్స్ ఒకడు. 1963 డిసెంబరులో, నీటి అడుగున ఈటెతో చేపలు కొట్టే పోటీలో ఉండగా, అతణ్ణి ఒక తెల్ల సొర నడుము దగ్గర నోట కరుచుకుంది. బతికి బయటపడ్డాడు. 462 కుట్లు పడ్డాయి. పగ పెంచుకోవలసిన మనిషి ఆ జంతువును ఇంకా దగ్గరగా చూడాలనుకున్నాడు. జంతు ప్రదర్శనశాలలో బోనులో సింహాలుంటే మనిషి బయట నిలబడి చూస్తాడు కదా, దాన్ని తిరగేసి మనిషినే బోనులో పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన అతనికి వచ్చింది. తెల్ల సొరలను బోనులోంచి చూపించే వ్యాపారానికి అదే పునాది.

బోను దించినంత మాత్రాన సొర రాదు. దాన్ని పిలవాలి. పిలిచే పద్ధతులు మూడున్నాయి. చేపల నెత్తురు, నూనె, తరిగిన పేగులు నీళ్లలో కలిపి వాసన చూపించడం మొదటిది. ఇందులో సొరకు కడుపు నిండే తిండేమీ దొరకదు. రెండోది, తాడుకు చేప ముక్క కట్టి, సొర నోటిదాకా వచ్చాక లాగేసుకోవడం. మూడోది నిజంగా తినిపించడం, చేత్తోనో డబ్బాతోనో. బయటినుంచి చూసేవాళ్లు మూడింటినీ కలిపి ‘సొరలకు తిండి పెట్టడం’ అనేస్తారు. సొర దృష్టిలో మొదటిది మోసం, రెండోది వెక్కిరింత, మూడోది భోజనం. అధ్యయనాలు పొసగకపోవడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది.

మోటారు చప్పుడే గుడి గంట

సొరకు బుద్ధి లేదని, కనిపించినదల్లా మింగుతుందని చాలాకాలం అనుకున్నారు. 1950ల చివర్లో అమెరికా శాస్త్రవేత్త యూజినీ క్లార్క్ ఫ్లోరిడాలో లెమన్ షార్కులతో ఒక ప్రయోగం చేసింది. నీళ్లలో ఒక పలకను వేలాడదీసింది. సొర దాన్ని ముక్కుతో నొక్కితే గంట మోగుతుంది, తిండి దొరుకుతుంది. సొరలు ఆ కిటుకు నేర్చుకున్నాయి. చలికాలంలో ప్రయోగం ఆపి, వారాల తరవాత మళ్లీ పలక దింపితే వాటికి ఇంకా గుర్తుంది.

కాబట్టి పర్యాటకుల పడవ మోటారు చప్పుడు సొరకు గుడి గంటలాంటిది కాగలదు. గంట మోగితే ప్రసాదం. శ్రీశైలం ఘాట్ రోడ్డులో కారాపి అరటిపండు విసిరే యాత్రికులను తలుచుకోండి. విసిరినవాడికి పుణ్యం వచ్చిందేమో కానీ, కోతి అడవిలో పండు వెతుక్కోవడం మానేసి రోడ్డు పక్కన కూర్చుంటుంది. చేతిలో సంచీ ఉన్న ప్రతి మనిషినీ పెట్టేవాడిగానే చూస్తుంది. చక్రాల కింద పడేదీ అదే. సొరల విషయంలో శాస్త్రవేత్తల భయాలు కూడా ఇవే. తిరగవలసిన దూరాలు తిరగకుండా ఒక్కచోట కుదురుకుంటాయా? సొంత వేట తగ్గించుకుంటాయా? ఒకేచోట గుంపు కట్టి కొట్టుకుంటాయా? మనిషి కనిపిస్తే తిండి గుర్తొచ్చి మీదికొస్తాయా?

నాలుగూ న్యాయమైన భయాలే. అవి ఎక్కడ నిజమయ్యాయి, ఎక్కడ కాలేదన్నది చూడాలి.

తిని వెళ్లేవి

బహామాస్‌లో టైగర్ బీచ్ అనే లోతులేని ఇసుక మైదానం ఉంది. అక్కడ ఏళ్ల తరబడి పులి సొరలకు చేప ముక్కలు పెడుతున్నారు. పక్కనే ఉన్న అమెరికా రాష్ట్రం ఫ్లోరిడా తన జలాల్లో ఈ పనిని 2001లో నిషేధించింది. ఒకే జాతి, పక్కపక్క సముద్రాలు, ఒకచోట తిండి, మరోచోట నిషేధం. శాస్త్రవేత్తలకు ఇంతకన్నా ఏం కావాలి? నీల్ హామర్‌ష్లాగ్ బృందం రెండు చోట్లా పులి సొరల రెక్కలకు ఉపగ్రహ ట్యాగులు బిగించింది. తిండికి అలవాటుపడ్డ బహామాస్ సొరలు తక్కువ తిరుగుతాయని వాళ్ల ఊహ. 2012లో వెలువడిన ఫలితం దానికి ఎదురుతిరిగింది. బహామాస్ సొరలే ఎక్కువ మేర తిరిగాయి, కొన్ని అట్లాంటిక్ నడిమధ్యకు వేల కిలోమీటర్లు పోయాయి.

అయితే ఈ ఒక్క ఫలితాన్ని పట్టుకుని తిండి పెట్టేవాళ్లు పండగ చేసుకోకూడదు. టైగర్ బీచ్‌కు వచ్చేవాటిలో పెద్ద ఆడ సొరలు ఎక్కువ. పెద్ద జంతువు పెద్ద దూరాలు తిరగడంలో వింత లేదు. ఈ పరిశోధన తేల్చింది ఒకటే: తిండి దొరికే చోటు ఉన్నంత మాత్రాన పులి సొర తన దేశాటన మానుకోలేదు.

ఫిజీ బుల్ షార్కుల లెక్క ఇంకా సూక్ష్మంగా ఉంది. యుర్గ్ బ్రున్‌ష్వైలర్, ఆడమ్ బార్నెట్ తదితరులు ఏళ్ల తరబడి ఏ సొర ఎన్నిసార్లు వచ్చిందో, ఎన్ని ట్యూనా తలలు తిన్నదో రాసిపెట్టుకున్నారు. సొరలను ఒక్కొక్కదాన్నీ మచ్చలను బట్టి, తెగిన రెక్కలను బట్టి గుర్తుపట్టవచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ దిబ్బకు వచ్చే సొరల సంఖ్య పెరిగింది. కొన్నింటికి, కొన్ని కాలాల్లో, ఆ ట్యూనా తలల నుంచే ఒంటికి కావలసిన శక్తిలో పెద్ద వాటా అందుతోందని 2018లో ఒక అధ్యయనం తేల్చింది. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనం సొరల కండరాల్లో, నెత్తురులో రసాయన గుర్తులను చూసింది. జంతువు దీర్ఘకాలంగా ఏం తింటోందో ఈ గుర్తులు చెబుతాయి. మొత్తం మీద వాటి ఆహారపు అలవాటు మారిన దాఖలా పెద్దగా కనిపించలేదు.

రెండూ ఎలా నిజమవుతాయి? మనింట్లో పండగపూట బూరెలు పొట్ట పగిలేలా తినే చుట్టం ఏడాది పొడవునా బూరెల మీద బతకడు కదా. ఫిజీ సొర కూడా అంతే. ఈ దిబ్బ దానికి అప్పుడప్పుడు ఆగే పూటకూళ్ల ఇల్లు. చాలా సొరలకు దినానికి ఒక తల కూడా పడదు, వచ్చిన రోజుల్లోనూ కొన్ని చుట్టూ తిరిగి ఖాళీ నోటితో పోతాయి. పెట్టింది తాయిలమే కానీ తిండి కాలేదు.

తిని ఉండిపోయేవి

ఇప్పుడు ఫిలిప్పీన్స్ పోదాం. సెబు ద్వీపంలో ఓస్లోబ్ అనే ఊరు. ఇక్కడి అతిథి వేల్ షార్క్, ప్రపంచంలోకెల్లా పెద్ద చేప. ఒంటి నిండా తెల్లచుక్కలు, మనిషికి ఏ హానీ చేయని నోరు. సముద్రాన్ని జల్లెడ పట్టినట్టు నీటిని వడగట్టి నలుసులంత జీవులను తింటుంది. ఇది మనకు పరాయిది కాదు. బంగాళాఖాతంలోనూ తిరుగుతుంది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి బీచ్‌లో ఒడ్డున చిక్కుకున్న వేల్ షార్క్‌ను అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి తిరిగి లోతు నీళ్లలోకి పంపారు.

ఓస్లోబ్ మత్స్యకారులు ఒకప్పుడు ఈ చేపను వలల దగ్గరికి రాకుండా మళ్లించడానికి చిట్టి రొయ్యలు చూపించేవారు. మనం రొయ్యపొట్టుగా ఎండబెట్టుకునేంత చిన్నవి. 2011 చివర్లో ఆ కిటుకే జీవనోపాధి అయింది. పొద్దున 6 నుంచి మధ్యాహ్నం దాకా, ఏడాదిలో దాదాపు ప్రతిరోజూ, చిన్న పడవల్లో కూర్చున్న మనుషులు గుప్పెడు గుప్పెడు రొయ్యలు నీళ్లలో చల్లుతారు. వేల్ షార్క్ ఒంటిని నిలువుగా నిలబెట్టి, నీటి పైకి నోరు తెరిచి, పడవ వెంటే జరుగుతూ మింగుతుంది. చుట్టూ జనం. ఏడాదికి 5 లక్షల మందికి పైగా వచ్చిన రోజులున్నాయి.

మొదటి ఏళ్లలో పరిశోధకులు అక్కడ 158 వేల్ షార్కులను ఒంటి చుక్కలను బట్టి గుర్తించారు. వాటిలో 129 మగవి, ఎక్కువభాగం ఇంకా ఎదిగే వయసులోవి. చాలా సొరలు కొద్దిరోజులుండి వెళ్లిపోయాయి. కొన్ని మాత్రం వెళ్లలేదు. నెలల తరబడి రోజూ హాజరయ్యాయి. తెల్లవారకముందే వచ్చి కాచుకునేవీ ఉన్నాయి. పడవ అంటే భయం పోయింది కాబట్టి, వాటి ఒంటి మీద పడవ ప్రొపెల్లర్లు, తాళ్లు చేసిన గాయాలు పేరుకున్నాయి. సహజంగా ఈ చేప కిలోమీటరుకు మించిన లోతులకు మునుగుతూ, మహాసముద్రాలు దాటుతూ బతుకుతుంది. అలాంటిది ఎదిగే వయసులో సగం పూట వెచ్చని పైనీటిలో నిలబడి ఒకే రకం రొయ్యలు తింటోంది. దీన్ని తాయిలం అనలేం. ఇది ఉద్యోగం. పొద్దున డ్యూటీ, మధ్యాహ్నం సెలవు, జీతం రొయ్యల్లో.

ఇలాంటి కథే కరీబియన్ సముద్రంలోని గ్రాండ్ కేమన్ ద్వీపంలో టేకు చేపలది. రాత్రిపూట ఒంటరిగా తిరిగే ఈ చేపలు, పర్యాటకులు స్క్విడ్ ముక్కలు తినిపించడం మొదలుపెట్టాక పగలు గుంపులుగా తిరగడం నేర్చాయి. గుంపులో ఒకదాన్నొకటి కరుచుకున్న గాట్లు, పరాన్నజీవులు, పడవ గాయాలు పెరిగాయి. నెత్తురు పరీక్షలో తిండి దొరకని చోటి చేపలే ఆరోగ్యంగా తేలాయి. ఫ్రెంచ్ పాలినేసియాలోని మోరియాలో లెమన్ షార్కులు తినిపించే చోటును ఎక్కువకాలం అంటిపెట్టుకున్నాయనీ, తమలో తాము కొట్లాడుకోవడం పెరిగిందనీ ఎరిక్ క్లువా బృందం 2010లో రాసింది.

తినిపించకపోయినా నష్టం ఉండవచ్చు. రాడ్నీ ఫాక్స్ పుట్టిన దక్షిణ ఆస్ట్రేలియాలో, నెప్ట్యూన్ దీవుల దగ్గర, తెల్ల సొరలను వాసనతో పిలుస్తారు, తాడు ఎర చూపి లాగేస్తారు. బోను పడవల చుట్టూ తిరిగే సమయంలో సొర ఒంటి కదలిక మామూలుకన్నా 61 శాతం పెరిగిందని 2018లో ఒక అధ్యయనం కొలిచింది. కష్టం దానిది, కూలి లేదు. 2007 తరవాత పడవలు వెళ్లే రోజులు పెరిగితే సొరలు అక్కడ ఆగే కాలం పెరిగింది. ప్రభుత్వం లైసెన్సులను, రోజులను కుదించాక ఆ బస మళ్లీ తగ్గింది. చెడిన అలవాటును నియమంతో సరిదిద్దవచ్చని చెప్పే ఉదాహరణ ఇది.

కరిచిన సందర్భాలు

మనిషికి ప్రమాదం సంగతి? తినిపించే చోట కాట్లు పడ్డాయి. 2002లో బహామాస్‌లో సొరల ప్రవర్తన నిపుణుడు ఎరిక్ రిట్టర్ పిక్కను, టీవీ కెమెరా ముందే, బుల్ షార్క్ కరిచింది. 2008లో అదే దేశంలో బోను లేకుండా ఎర మధ్య డైవ్ చేసిన ఆస్ట్రియా సందర్శకుడు ఒకరు సొర కాటుకు చనిపోయారు. ఇవి ఎర వేసిన నీళ్లలోనే ఉన్నవాళ్లకు జరిగినవి.

దూరంగా ఒడ్డున ఈదేవాళ్లకు దీనివల్ల ప్రమాదం పెరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. హవాయిలో రాష్ట్ర జలాలకు అవతల, ఒడ్డుకు మూడు మైళ్ల పైన బోను డైవింగ్ జరుగుతుంది. అక్కడి రికార్డులు పరిశీలించిన కార్ల్ మేయర్ బృందం, తీరంలో ఈతగాళ్లకు ముప్పు పెరిగిందనడానికి ఆధారం లేదని తేల్చింది. పడవకు వచ్చే సొరల్లో అధికభాగం మనుషులను చాలా అరుదుగా కరిచే జాతులవి. ఇక్కడ కూడా దూరం ముఖ్యం. ఊరి చెరువుగట్టున కుక్కలకు అన్నం పెట్టడం వేరు, బడి గేటు ముందు పెట్టడం వేరు.

బతికున్న సొర ఖరీదు

ఇప్పటిదాకా సొర పక్షాన లెక్క వేశాం. తక్కెడ రెండో పళ్లెంలో డబ్బుంది. దాన్ని చూసి ముఖం తిప్పుకుంటే లెక్క తప్పుతుంది.

1970 నుంచి నడిసముద్రపు సొరలు, టేకు చేపలు 71 శాతం తగ్గాయని 2021లో ‘నేచర్’ పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. కారణం పర్యాటకులు పెట్టిన ట్యూనా తలలు కావు. మైళ్ల పొడవు తాళ్లకు వందల గాలాలు, రెక్కల వ్యాపారం, వలల్లో అనుకోకుండా పడటం. చచ్చిన సొర ఒక్కసారి అమ్ముడవుతుంది. బతికున్నది ప్రతి సీజన్లో అమ్ముడవుతుంది. పలావు దేశంలో ఒక్కో సొర ఏడాదికి 1,79,000 డాలర్ల పర్యాటక ఆదాయం తెస్తుందని 2010లో లెక్కగట్టారు. ఆ దేశం అంతకు ముందే, 2009లో, తన సముద్రాన్ని ప్రపంచంలో తొలి సొరల అభయారణ్యంగా ప్రకటించింది. బహామాస్ 2011లో అదే దారి పట్టింది. 2014లో ఆ దేశానికి సొరలు, టేకు చేపల పర్యాటకం నుంచి వచ్చినది దాదాపు 11.4 కోట్ల డాలర్లు. ఫిజీలో ఈ సొర డైవింగ్ వల్ల 2010లో వచ్చింది 4.2 కోట్లు.

షార్క్ రీఫ్ దగ్గర డైవ్ చేసే ప్రతివాడూ చిన్న రుసుము కడతాడు. అది ఆ దిబ్బ మీద వంశపారంపర్యంగా చేపల హక్కున్న గ్రామాలకు పోతుంది. బదులుగా వాళ్లు అక్కడ వేట మానుకున్నారు. 2004లో రక్షిత ప్రాంతంగా మొదలైన ఆ దిబ్బ 2014లో జాతీయ సముద్ర ఉద్యానమైంది. ట్యూనా తలలు లేకపోతే ఆ ఒప్పందం కుదిరేది కాదేమో.

ఓస్లోబ్‌లోనూ డబ్బుంది. 177 మంది మత్స్యకారులు ఐదేళ్లలో కోటీ 84 లక్షల డాలర్ల టికెట్లు అమ్మారు. పిల్లల చదువులు, పక్కా ఇళ్లు అందులోంచే వచ్చాయి. ఆ గడపల దగ్గర నిలబడి, ఇక్కడికి ఆరు గంటల విమానం దూరంలో బతికే మనం, ‘ఆపేయండి’ అని అనడం తేలిక. అదే ఫిలిప్పీన్స్‌లో డోన్సోల్ అనే మరో ఊరు 1998 నుంచి తిండి పెట్టకుండా వేల్ షార్కులను చూపిస్తోంది. అక్కడ చేప వచ్చిన రోజే పండగ, రాని ఏడు పడవలు ఒడ్డునే ఉంటాయి. ఓస్లోబ్ అమ్ముతున్నది చేపను చూసే అనుభవం ఒక్కటే కాదు, చేప ఖాయంగా కనిపిస్తుందన్న హామీ కూడా. హామీకి ధర ఎప్పుడూ ఎక్కువే. ఆ ధరను చేప కడుతోంది.

కొలమానం

అందుకే ‘తిండి పెట్టవచ్చా, కూడదా’ అని అడిగితే జవాబు దొరకదు. ఎవరికి, ఎంత, ఎక్కడ, ఎన్నాళ్లు అని అడగాలి. విశాల సముద్రంలో తిరిగే పెద్ద సొరకు, ఈతగాళ్లకు దూరంగా, వారంలో కొన్ని రోజులు, దాని ఆకలిలో చిన్న వాటా మాత్రమే పెట్టి, వచ్చిన డబ్బుతో చుట్టుపక్కల వేట ఆపించగలిగితే, నష్టం కన్నా లాభమే ఎక్కువని ఇప్పటి ఆధారాలు చెబుతున్నాయి. ఎదిగే వయసు జంతువుకు, ప్రతిరోజూ, పడవ పక్కనే, అది వేరే చోటికి పోవలసిన అవసరం లేనంతగా పెట్టడం కీడే. దాని పేరు ప్రకృతి పర్యాటకం అయినా సరే.

మాల్దీవులకు, బాలికి, ఫిలిప్పీన్స్‌కు విహారానికి పోయే తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. మాల్దీవుల్లోని ఫువామ్ములా దీవిలో పులి సొరల మధ్య డైవింగ్‌కు మంచి గిరాకీ ఉంది. అక్కడ 239 పులి సొరలను చారలను బట్టి గుర్తించారు. టికెట్ కొనేముందు నిర్వాహకుణ్ణి మూడు మాటలు అడగండి. వాసనే చూపిస్తారా, తినిపిస్తారా? ఏడాదిలో ఎన్ని రోజులు ఆపేస్తారు? నా డబ్బులో ఎంత ఈ ఊరి మత్స్యకారుడికి చేరుతుంది? మూడింటికీ సూటిగా బదులివ్వలేని పడవ ఎక్కకండి.

నాలుగో ప్రశ్న సొరను అడగవలసినది, దానికి జవాబు ఫిజీలో ఉంది. ఏటా సంవత్సరం చివరికొచ్చేసరికి షార్క్ రీఫ్‌లో బుల్ షార్కులు పలచబడతాయి. అది వాటికి పిల్లలు పెట్టే కాలం. ఆ దీవి నదుల్లో చిన్న బుల్ షార్కులు అప్పుడు కనిపిస్తాయి. దిబ్బ దగ్గర మాత్రం ట్యూనా తలల డబ్బా ఎప్పటిలాగే దిగుతుంది. పెట్టే చెయ్యి చాచే ఉంటుంది. అందుకునే నోళ్లు తక్కువ. కొత్త ఏడాదిలో అవి మళ్లీ వస్తాయి.